లాగి చూసే చెయ్యి

హెల్మెట్ తలకి తగిలించి బటన్ నొక్కగానే చెవి పక్కన టుక్ టుక్ మని రెండు చప్పుళ్ళు. నాలుగు సెకన్లు ఆగి మళ్ళీ టుక్ టుక్. ఆ ఇంటర్‌కామ్ డబ్బాలు జతగా కొన్నవి. ఒకటి పిడుగు హెల్మెట్‌కి, ఇంకోటి వాళ్ళ వదిన హెల్మెట్‌కి. ఒకదానికి రెండోది దొరికిందంటే ఇక కబుర్లే కబుర్లు, రెండు బండ్ల మీద వెళ్తున్నా ఒకే మంచం మీద కూర్చున్నట్టు ఉంటుంది. దొరక్కపోతే మాత్రం అది ఊరుకోదు, వెతుకుతూనే ఉంటుంది. ఎనిమిది నెలలుగా వెతుకుతోంది.

వెతికి వెతికి దాని చార్జింగ్ అయిపోతోంది, అదీ గొడవ. రోజంతా రావాల్సింది మధ్యాహ్నానికే చతికిలబడుతోంది. సెట్టింగుల్లోకి వెళ్ళి జత తీసేస్తే సరిపోతుంది, రెండు నిమిషాల పని. పిడుగు ఆ రెండు నిమిషాల పని చెయ్యలేదు. దానికి బదులు బండికి కొత్తగా వైర్లు లాగి, ఫ్యూజు పెట్టె బిగించి, చార్జింగ్ పాయింటు పెట్టి, వెతికినంతసేపు దాన్ని వెతకనిద్దామని తేల్చుకుంది. ఎవరైనా వింటే పడీపడీ నవ్వుతారు. అందుకే ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ లేరు కూడా, అది వేరే సంగతి.

పిడుగు అన్నది ఆమె అసలు పేరు కాదు. ఆమె పళ్ళ ల్యాబులో పనిచేస్తుంది, డాక్టర్లు పంపిన అచ్చులు చూసి విరిగిన పళ్ళకీ అరిగిన పళ్ళకీ తొడుగులు చేస్తుంది, అక్కడ అందరికీ ఆమె మేడమ్. ఇంట్లోవాళ్ళకి అసలు పేరే. పిడుగు అని పిలిచింది వదిన ఒక్కతే. అన్నయ్య పెళ్ళైన వారానికే ఈమె అన్నయ్య బండికి సొంతంగా హారన్ బిగిస్తానని కూర్చుని, ప్లస్ వైరు తీసుకెళ్ళి తగలకూడని చోట తగిలించి, సీటు కింద నుంచి పొగ తెప్పించింది. కొత్త కోడలు తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చి, బ్యాటరీ మైనస్ వైరు పట్టుకుని ఒక్క పీకు పీకేసి, "ఈ ఇంట్లో పిడుగు ఉందని పెళ్ళికి ముందు నాకెవరూ చెప్పలేదేం?" అంది. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది.

వదినది బండ్ల వైరింగ్ పని. వాళ్ళ నాన్న షాపులో ఆరేళ్ళ వయసు నుంచీ రాగి తీగల మధ్య పెరిగింది. వైరు చివర తొడుగు ఒలిచే తీరు చూస్తే చిక్కుడుకాయ ఈనె తీస్తున్నట్టే ఉంటుంది, చూడకుండా, మాట్లాడుతూ, చిటికెలో. పిడుగుకి ఆరేళ్ళలో ఆ పని మొత్తం నేర్పింది. ఏ లైటుకి ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు, ఎంత లావు వైరు, రిలే ఎందుకు, ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరం దాటకుండా ఎందుకుండాలి (దాటితే ఆ మధ్య ముక్క ఎక్కడైనా ఒరుసుకుంటే ఫ్యూజు పోదు, బండి పోతుంది), అన్నీ నేర్పింది. కానీ అన్నిటికన్నా గట్టిగా నేర్పింది ఒకటే. లగ్గు బిగించిన చెయ్యి లాగి చూడకూడదు.

లగ్గంటే వైరు చివర తొడిగే చిన్న రాగి గొట్టం. దాన్లో వైరు దూర్చి ప్లయరుతో నొక్కి పట్టిస్తారు. పట్టిందో లేదో తెలియాలంటే లాగి చూడాలి. అయితే నువ్వు బిగించింది నువ్వే లాగితే, "నీ పిల్లని నువ్వు కొట్టినట్టే, దెబ్బ పడదు" అనేది వదిన. చెయ్యి తెలియకుండానే మెత్తబడిపోతుంది. అందుకే వాళ్ళిద్దరి మధ్య ఒక పద్ధతి. వదిన బిగిస్తే పిడుగు లాగుతుంది, పిడుగు బిగిస్తే వదిన లాగుతుంది. లాగేవాళ్ళు జాలి చూపించకూడదు. ఊడొస్తే ఆ ముక్కని అవతలి వాళ్ళ ముక్కు ముందు ఊపి "ఇదిగో నీ నగ" అనాలి. ఊడకపోతే "ఉంది" అనాలి. అంతకుమించి పొగడ్తలు లేవు.

ఎనిమిది నెలల కిందట అన్నయ్యా వదినా విడిపోయారు. అరుపులు లేవు, విసరడాలు లేవు. ఇద్దరూ రెండేళ్ళుగా ఒకే ఇంట్లో వేరే వేరే గదుల్లో అలిసిపోయారు, అంతే. అయిపోయాక మెల్లగా అందరూ దాన్ని అలవాటు చేసుకున్నారు. కానీ అలా విడిపోయినప్పుడు ఆడపడుచు పరిస్థితి ఏంటో ఎవరూ చెప్పరు. ఆమె ఎవర్నీ వదిలెయ్యలేదు, ఆమెనెవరూ వదిలెయ్యలేదు, అయినా మనిషి పోయింది.

వదిన సామాను ఆడవాళ్ళ హాస్టల్‌కి చేర్చిన రోజు సాయానికి వెళ్ళింది పిడుగే. నాలుగు అట్టపెట్టెలు, ఒక పనిముట్ల సంచి, ఒక హెల్మెట్. అన్నీ పైగదికి మోసి గేటు దగ్గరికొచ్చి నిలబడ్డారు. వదిన ఏదో వినడానికి ఆగినట్టు ఆగింది. పిడుగుకి నోట్లో నాలుక పెద్దదైపోయింది. వదినా అనొచ్చా? ఇప్పుడింకా అనొచ్చా? అంటే ఏడుస్తుందా? పేరు పెట్టి పిలవలేదు, వయసులో పెద్దది. ఆ తికమకలో, ఆరేళ్ళు నువ్వు నువ్వు అని మీద పడి పోట్లాడిన మనిషి, "సరే, వస్తానండి" అనేసింది.

అండి!

వదిన ముఖం ఒక్క క్షణం స్విచ్ ఆపినట్టు ఆరిపోయింది. తర్వాత చాలా మర్యాదగా, "మంచిదండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఫోన్ తీసి ఎన్నిసార్లు పేరు దగ్గరికెళ్ళి ఆగిపోయిందో లెక్కలేదు. అటు నుంచీ ఫోన్ రాలేదు.

ఇప్పుడు విషయం ఏంటంటే, పిడుగు ఆదివారం పొద్దున్న దీపస్తంభానికి బయల్దేరుతోంది. నాలుగు రోజుల సెలవు. కొండ దారి దాటి సముద్రం దాకా, ముగిసేచోట ఓడలకి దారి చూపే తెల్లటి దీపస్తంభం. ఆ దారి గీసింది వదిన. ఏ మలుపు దగ్గర టీ తాగాలి, ఏ ఊళ్ళో పడుకోవాలి అన్నీ ఒక కాగితం మీద రాసి, రెండు బండ్ల బొమ్మలేసి, చిన్న బండి పక్కన "పిడుగు, నిదానంగా" అని రాసింది. కాగితం ఫ్రిజ్ మీద ఉంది. వెళ్ళాల్సిన వాళ్ళిద్దరు, వెళ్తోంది ఒక్కతి. కొండ మీద పొద్దున్న తొమ్మిది దాకా పొగమంచు విడదు, బండితో వచ్చిన లైటు అందులో అగ్గిపుల్లతో సమానం. అందుకని రెండు పొగమంచు లైట్లు కూడా కొంది. అవి మలుపులో ఆరిపోతే ఇక పక్కన లోయే. అంటే ఈసారి లగ్గులు లాగి చూడ్డం సరదాకి కాదు.

శనివారం ల్యాబు ఒంటిపూటే. అటునుంచి అటే స్పేర్‌పార్టుల కొట్టుకి వెళ్ళింది. గోడనిండా చిన్న చిన్న సొరుగులు, ఒక్కోదాని మీద అతికించిన ఒక్కో వస్తువు. కొట్టు పెద్దాయన ముక్కు చివర కళ్ళద్దాలతో రిలే ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతున్నాడు.

"రావమ్మా రా. చాన్నాళ్ళైంది. ఏం కావాలి?"

"మూడు గదుల ఫ్యూజు పెట్టె, రిలే, మెయిన్ ఫ్యూజు హోల్డరు, రింగు లగ్గులు ఎనిమిది, వేడికి ముడుచుకునే నల్ల ట్యూబు ఒక మీటరు."

"ఎందుకింత సరంజామా? పెళ్ళి మండపమా, బండా?"

"లైట్లు, చార్జింగ్ పాయింటు. ఇంటర్‌కామ్ చార్జింగ్ ఆగట్లేదు."

"ఊరికే వెతుకుతోందేమో. రెండోది లేనప్పుడు జత తీసెయ్యాలమ్మా, లేకపోతే అలాగే తినేస్తుంది." సొరుగు లాగుతూ అన్నాడు. "అవునూ, మీ వదినేదీ? ఇద్దరూ చెప్పుల జతలా వచ్చేవాళ్ళు కదా."

పిడుగు గోడ మీద వైపర్ల వంక చూసింది. "ఊరెళ్ళింది."

పెద్దాయన చెయ్యి సొరుగులో ఆగింది. "ఊరెళ్ళిందా? ఎప్పుడు? మొన్న మంగళవారం వచ్చిందే! ఐదు ఆంపియర్ల ఫ్యూజులు రెండు, హోల్డరు పట్టుకెళ్ళింది. స్కూటీకట." కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "నువ్వెక్కడని అడిగితే, నువ్వూ ఊరెళ్ళావనే చెప్పింది."

పెద్దాయన లగ్గులు లెక్కపెట్టి కవర్లో వేసి, ఇంకొకటి ఎక్కువ వేశాడు.

"మీరిద్దరూ వెళ్ళిన ఊరు ఒకటే అయితే బాగుండునమ్మా," అన్నాడు, రసీదు రాస్తూ, తల ఎత్తకుండా.

పిడుగు ఉండే ఇల్లు మూడో అంతస్తులో ఒక గది, ఒక వంటిల్లు. కింద బండ్లు పెట్టే చోటు, ఆ మూల టైలరు బాబాయ్ గది. బండిని టైలరు గది ముందు లైటు పడే చోటికి తోసుకొచ్చి, చాప పరిచి, సరుకంతా వరసగా పెట్టింది. ఇంతలో అన్నయ్య ఫోన్ చేశాడు.

"రేపు వెళ్ళడం ఖాయమేనా?"

"ఊఁ."

"ఒక్కదానివేనా?"

"రెండో మనిషి ఎవరున్నారు?"

"చూడు, ఆవిడకి మాత్రం ఫోన్ చెయ్యకు. బాగోదు."

మొదట మీ వదిన అనేవాడు, తర్వాత తను అన్నాడు, ఇప్పుడు ఆవిడ. మెట్లు దిగినట్టు దిగాడు.

"నీకు ఆవిడ. నాకేమవుతుంది?" అంది పిడుగు.

"సంతకాలైపోయాక ఇంకేమవుతుందే? ఏమీ కాదు."

"నేను సంతకం పెట్టలేదుగా."

"అబ్బా, నీతో ఇదే." అన్నయ్య ఊపిరి గట్టిగా వదిలాడు. "నాకు మాత్రం బాగుందనుకుంటున్నావా? సరేలే. మెల్లగా వెళ్ళు. లైట్లు చూసుకో."

ఫోన్ పెట్టేసి పిడుగు ముందు మైనస్ వైరు విప్పింది. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ ఆఖర్న, అది కూడా వదిన మాటే. సీటు కింద ఖాళీలో ఫ్యూజు పెట్టె కూర్చోబెట్టింది, సరిగ్గా అగ్గిపెట్టె అంత, భలే కుదిరింది! బ్యాటరీ ప్లస్ నుంచి ఎర్ర వైరు, జానెడు లోపే మెయిన్ ఫ్యూజు, అక్కణ్ణుంచి రిలే, రిలే నుంచి పెట్టె. రిలేకి ఆజ్ఞ ఇచ్చే సన్న వైరుని వెనక లైటు వైరులోంచి తీసుకుంది, తాళం తిప్పితేనే రిలే టక్కుమని కరెంటు వదలాలి, తాళం తీస్తే ఆపెయ్యాలి. లేకపోతే రాత్రంతా బ్యాటరీని తాగేస్తుంది. పెట్టెలో మొదటి గది లైట్లకి, రెండోది చార్జింగ్ పాయింటుకి. మూడోది ఖాళీ. లైట్లకీ చార్జరుకీ కలిపి ఉమ్మడి మైనస్ వైరు ఒక్కటే, దాని చివర రింగు లగ్గు.

ఆ ఒక్క లగ్గు దగ్గరికొచ్చేసరికి టైలరు కుట్టుమిషను ఆపి లైటు తీసేశాడు, ఎండ కూడా పక్కకి జరిగింది. సరిగ్గా కనపళ్ళేదు. తొడుగు ఒలిచి, లగ్గులో దూర్చి, ప్లయరుతో కరకరా నొక్కింది. నల్ల ట్యూబు తొడిగి లైటరుతో వేడి చేస్తే అది చర్మంలా ముడుచుకుని అతుక్కుంది. ఇక లోపల ఏముందో పైకి తెలిసే వీల్లేదు.

మొత్తం ఎనిమిది లగ్గులు. బ్యాటరీ మైనస్ ఆఖర్న బిగించి తాళం తిప్పింది. టక్. రిలే పలికింది. స్విచ్ నొక్కితే లైట్లు రెండూ గోడ మీద పసుప్పచ్చగా విరబూశాయి. చార్జింగ్ పాయింటులో చిన్న నీలి దీపం. పిడుగు ఒక్కతే చాప మీద కూర్చుని చప్పట్లు కొట్టబోయి, చేతులు దగ్గరికి తెచ్చి ఆపేసింది. బాగుంది. చాలా బాగుంది. ఇప్పుడు ఎవరు లాగుతారు?

"బాబాయ్," అంది టైలరు గది వైపు తిరిగి. "ఒకసారి ఇటు వస్తారా? ఈ వైర్లు కాస్త లాగి పెట్టాలి."

టైలరు మెడలో టేపుతో వచ్చి, దూరం నుంచే వంగి చూశాడు. "కరెంటు ఉందా అందులో?"

"పన్నెండు వోల్టులే బాబాయ్, ఏం చెయ్యదు."

"ఏం చెయ్యనిదానికి ఫ్యూజెందుకమ్మా?" అని రెండు వేళ్ళతో, వేడి ఇస్త్రీపెట్టెని తడిమినట్టు, ఒక్కో వైరునీ ముట్టుకుని వదిలాడు. "గట్టిగానే ఉన్నాయ్."

"లాగండి బాబాయ్. జాలి పడకండి."

"జాలి కాదమ్మా, భయం. బొత్తాములైతే చెప్పు, పళ్ళతో లాగి చూపిస్తా." చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

చివరికి పిడుగే లాగింది. ఒకటి, ఉంది. రెండు, ఉంది. ఎనిమిదీ ఉన్నాయి. "ఉంది" అని పైకి అనలేదు. అది అవతలివాళ్ళు అనాల్సిన మాట.

ఆదివారం ఐదున్నరకల్లా సంచి కట్టి, కాగితం జేబులో పెట్టుకుని బయల్దేరింది. వీధులు ఖాళీ. హెల్మెట్‌లో టుక్ టుక్. చార్జింగ్ వైరు హెల్మెట్ దాకా పాములా వేలాడుతోంది, ఇక రోజంతా వెతుక్కోవచ్చు. ఊరి చివర హైవే ఎక్కే ముందు పెట్రోలు బంకులో ఆగి ట్యాంకు నింపింది. పక్కకి వచ్చి సీటు తీసింది. లైట్లు వెలుగుతున్నాయి. చార్జరు పనిచేస్తోంది. ఇంకేం కావాలి?

ఇంకోసారి లాగి చూద్దామనుకుంది. మొదటి ఏడూ మామూలుగానే లాగింది. ఆఖరి మైనస్ వైరు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. లాగబోయి, పట్టుకుని, వదిలేసింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ వదిలేసింది. అప్పుడర్థమైంది ఆ చెయ్యి ఏం చేస్తోందో. ఊడుతుందని దానికి తెలుసు. ఊడితే ఆగిపోవాలి కదా. ఆగిపోతే, ఇక వెళ్ళడానికి ఒక్క చోటే ఉంది కదా.

పిడుగు సీటు మూసి, బండి వెనక్కి తిప్పింది.

హాస్టల్ వీధి అర కిలోమీటరు పొడుగున గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. గేటు ముందు బండి ఆపి పైకి చూసింది. రెండో అంతస్తు, ఎడమ నుంచి మూడో కిటికీ. ఏమని కేక వెయ్యాలి? మళ్ళీ అదే తిప్పలు, ఎనిమిది నెలల కిందటి గేటే, అదే నాలుక. ఫోన్ తియ్యలేదు. హారన్ మీద బొటనవేలు పెట్టి ఒక్కసారి, చిన్నగా నొక్కింది.

కిటికీ తెరుచుకోలేదు. ఇంకోసారి నొక్కాలా వద్దా అని చూస్తుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడు. వదిన. వదులు చొక్కా, కొప్పులో పెన్సిలు, చేతిలో టీ గ్లాసు. కాస్త చిక్కింది. గేటుకి లోపలి వైపే నిలబడి టీ ఒక గుక్క తాగింది.

"ఏమండీ," అంది. "ఏం కావాలండీ?"

పిడుగుకి చెవులు కాలిపోయాయి. "అలా అనకు."

"మీరే నేర్పారు కదండీ."

"తప్పే. ఆ రోజు నోటికి ఏదొస్తే అది అనేశాను. నిన్ను ఏమని పిలవాలో తెలీలేదు. ఇప్పటికీ తెలీదు."

"తెలీకపోతే పిలవడమే మానేస్తారా ఎవరైనా?" వదిన గొంతులో ఒక జీర వచ్చింది. వెంటనే టీతో కడిగేసుకుంది. "ఇప్పుడు కొట్టావుగా హారన్, అది ఆ రోజు సాయంత్రమే కొడితే ఏం పోయింది? పరిగెత్తుకొచ్చేదాన్ని."

"నువ్వైనా ఫోన్ చెయ్యొచ్చుగా."

"చెయ్యొచ్చు." వదిన గ్లాసులోకి చూసింది. "మీ అన్నయ్య ఇంటి మనిషివి. చేస్తే నీకిబ్బందేమోననుకున్నాను. చెయ్యకపోతే నాకిబ్బంది. సరే, నేనే అలవాటు చేసుకుందామనుకున్నాను." గ్లాసు గోడ మీద పెట్టి గేటు తీసింది. "సీటు తియ్యి, పిడుగూ."

ఆ మాట విని పిడుగు తాళం రెండుసార్లు తప్పుగా దూర్చింది.

వదిన వంగి చూసింది. మెయిన్ ఫ్యూజు, జానెడు, సరే. రిలే, సరే. మొదటి వైరు పట్టుకుని కలుపుమొక్క పీకినట్టు పీకింది. "ఉంది." రెండోది. "ఉంది." ఏడు ఉన్నాయి. ఎనిమిదోది, ఆ మైనస్ వైరు, వదిన అసలు బలమే పెట్టలేదు, వెన్నలోంచి తీసినట్టు చేతిలోకి వచ్చేసింది.

వదిన ఆ చివర పట్టుకుని పిడుగు ముక్కు ముందు ఊపింది. "ఇదిగో నీ నగ."

ట్యూబు చీల్చి చూపించింది. రాగి మీద నొక్కాల్సిన లగ్గుని సగం ప్లాస్టిక్ తొడుగు మీద నొక్కింది పిడుగు. రెండే రెండు పోగులు తాకుతున్నాయి. ఆ రెంటి మీదే నిన్నటి నుంచీ లైట్లు అంత దర్జాగా వెలిగాయి.

"మూడో మలుపులో ఆరేవి," అంది వదిన. నవ్వలేదు. "లాగావా నువ్వు?"

"లాగాను."

"నీ చెయ్యేనా?"

"ఇంకెవరున్నారు?"

వదిన పైకెళ్ళి పనిముట్ల సంచి తెచ్చింది. కానీ తను బిగించలేదు, ప్లయరు పిడుగు చేతికే ఇచ్చింది. పిడుగు తొడుగు సరిగ్గా ఒలిచి, మొత్తం రాగి లోపలికి పోయేలా దూర్చి నొక్కింది. కొట్టు పెద్దాయన ఎక్కువ వేసిన లగ్గు దీనికి సరిపోయింది. వదిన కాలు బండికి అదిమి పెట్టి మరీ లాగింది. బండి ఊగింది. వైరు ఊడలేదు.

"ఉంది," అంది.

అప్పుడు లేచి, గోడవారగా ఉన్న స్కూటీ దగ్గరికెళ్ళి దాని సీటు తెరిచింది. లోపల ఫోన్ చార్జరుకి లాగిన వైర్లు, వంకర లేకుండా, చక్కగా జడ అల్లినట్టు. కానీ ఫ్యూజు హోల్డరు ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. ఐదు ఆంపియర్ల ఫ్యూజు పక్కనే టేపుతో అతికించి ఉంది.

"ఫ్యూజు పెట్టలేదేం?"

"లాగకుండా ఎలా పెడతాను?" అంది వదిన, అదేం ప్రశ్న అన్నట్టు. "బుధవారం నుంచి అలాగే ఉంది. ఊఁ, లాగు. జాలి పడకు."

పిడుగు లాగింది. మోకాలు ఆనించి, పళ్ళు బిగించి, ఎనిమిది నెలల కోపమంతా పెట్టి లాగింది. ఒక్కటీ కదల్లేదు.

"ఉంది," అంది. "ఉంది. ఉంది వదినా."

వదిన తల తిప్పి వీధి వైపు చూసింది. పిడుగు ఫ్యూజుని హోల్డర్లో నొక్కి మూత పెట్టేదాకా ఇటు తిరగలేదు.

"నువ్వూ రా," అంది పిడుగు. "కాగితం తెచ్చాను. నువ్వు గీసిందే."

"రాను. అడగకు." మెత్తగానే అంది. "షాపుంది. ఇంకా కొన్ని సర్దుకోవాలి. నిన్ను చూస్తే ఆ ఇల్లే కనపడుతుంది నాకు, నీ తప్పు కాదు. కాస్త టైము పడుతుంది." చొక్కాకి చేతులు తుడుచుకుంది. "మూడో గది ఖాళీగా వదిలావేం?"

"ఏమో. అలా వదిలెయ్యాలనిపించింది."

"మంచిది. మూత మాత్రం గట్టిగా పెట్టు, నీళ్ళు పోతాయి."

పిడుగు హెల్మెట్ పెట్టుకుని బండి స్టార్ట్ చేసింది. టక్, టుక్ టుక్. చెయ్యి ఊపి కదిలింది. అద్దంలో చూస్తే గేటు దగ్గర వదిన లేదు. పైకెళ్ళిపోయిందనుకుంది. వీధిలో పావు వంతు కూడా వెళ్ళలేదు, టుక్ టుక్ ఆగిపోయింది. టింగ్ మంది.

"వినపడుతోందా?" చెవిలో వదిన గొంతు, పక్కనే కూర్చున్నంత దగ్గరగా. అద్దంలో రెండో అంతస్తు కిటికీ, దాన్లో ఒక హెల్మెట్ తల, ఎంత వింతగా ఉందో! "గదిలో హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డాను, పక్కగది అమ్మాయి పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తోంది."

"వినపడుతోంది! వినపడుతోంది!"

"అరవకు, చెవులు పోతాయి. మొదటి టీ ఎక్కడ?"

"రెండో వంతెన దగ్గర."

"వర్షం పడితే?"

"ఆగిపోతాను."

"సాయంత్రం దిగాక ఒకసారి సీటు తీసి..."

"లాగి చూస్తాను."

"నువ్వు కాదు. అక్కడెవర్నైనా అడుగు. కండ ఉన్నవాళ్ళని."

పిడుగు నవ్వింది, బండి ఇంకా మెల్లగా పోనిచ్చింది, నడిచేవాళ్ళు దాటి వెళ్ళేంత మెల్లగా. అయినా వీధి అర కిలోమీటరే. చివరి స్తంభం దగ్గర వదిన గొంతు ముక్కలవడం మొదలైంది. "పిడుగూ, కొండ దగ్గర..." అని, తర్వాత బరబర, తర్వాత ఒక అక్షరం, అదేంటో తెలీలేదు. మలుపు తిరిగింది. టుక్ టుక్.

హైవే ఎక్కింది, బంకు దాటింది, ఊరు దాటింది. ముందు రోడ్డు తప్ప ఏమీ లేదు, వెనక ఎవరూ లేరు. పొలాల మీద పల్చగా మంచు మొదలైనప్పుడు స్విచ్ నొక్కింది, రెండు లైట్లూ దారి మీద పసుప్పచ్చగా పరుచుకున్నాయి. అప్పుడు తట్టింది. ఎనిమిది నెలలు వాడకుండా పడేసిన డబ్బాలో చార్జింగ్ ఎక్కడిది, అటువైపు మనిషి పెడుతూ ఉంటే తప్ప?

టుక్ టుక్, అంది హెల్మెట్. పిడుగు దాన్ని వెతకనిచ్చింది.